అచ్చుగాజు పాత్రలు: అసలు, నకలు



గాజు అనిన తోడనే మన యిండ్లలో ముందుగా జ్ఞప్తికి వచ్చునవి చేతి గాజులు. పదార్థమునకును, దానితో చేసిన ఆభరణమునకును ఒక్కటే పేరు పెట్టుకొన్నవారము మనము. వానినే మట్టిగాజు లనియు అందుము. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. గాజునకు మూలము ఇసుకయే గదా! అయితే నేడు నేను చెప్పబోవునది చేతి గాజులను గూర్చి కాదు. పడమటి దేశములలో, ముఖ్యముగా అమెరికాలో, నూరు నూటయేబది యేండ్ల క్రిందట సామాన్య కుటుంబములు భోజనపు బల్లల మీద వాడుకొన్న గాజు పళ్లెములు, గిన్నెలు, దీపస్తంభములు మొదలగువానిని గూర్చి. అవి అచ్చులలో పోసి ఒత్తినవి గనుక వానిని అచ్చుగాజు అని పిలుచుకొందము.

ఇది మనకేల యని మీరడుగవచ్చును. మన గ్రామములనుండి పిల్లలు ఆ దేశమునకు పోయి స్థిరపడిన కాలమిది. అక్కడ సెలవు దినములలో పాత వస్తువుల సంతలు జరుగును. మనవాండ్రు ఆ సంతలలో తిరిగి, ముచ్చటపడి, నూటయేబది యేండ్ల నాటిదని చెప్పిన పళ్లెమునో గిన్నెనో కొని తల్లిదండ్రులకు కానుకగా తెచ్చుచున్నారు. వానిలో కొన్ని నిజముగా పాతవి. కొన్ని నిన్న మొన్నటివి. ధరలో మాత్రము భేదము కనబడదు. ధనము పోవుట ఒక నష్టము. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. రాజుల చరిత్రకు శాసనములున్నవి. సామాన్యులు ఏమి తినిరి, ఎట్లు త్రాగిరి, ఇల్లెట్లు అలంకరించుకొనిరి అనుటకు ఇట్టి వస్తువులే శాసనములు. దొంగశాసనము చరిత్రను చెరచునట్లే దొంగపళ్లెమును చెరచును.

ముందు ఈ విద్య పుట్టుక తెలిసికొందము. తయారగు పద్ధతి తెలియనిదే నకలు పట్టుకొనుట సాధ్యము కాదు.

క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్ద ప్రాంతమున సిరియా, పాలస్తీనా భూములలో ఊదుడు గొట్టము పుట్టినది. ఇనుప గొట్టపు కొనకు కరగిన గాజు ముద్దను తగిలించి, నోటితో ఊది, బుడగచేసి, ఆ బుడగను పాత్రగా మలచుట ఆ విద్య. పాత్ర అడుగున మరియొక కడ్డీని అంటించి, మూతి సరిచేసి, తుదకు ఆ కడ్డీని విరుచుదురు. అందుచే ఊదిన పాత్ర అడుగున బొడ్డువంటి మచ్చ యొకటి మిగులును. దాదాపు పందొమ్మిది వందల యేండ్లు పాత్రలు చేయుటకు ఇదియే రాజమార్గము. ఊదిన పాత్రమీద సానరాతితో చెక్కి పూవులు, నక్షత్రములు తీర్చినచో దాని వెల ధనికులకే అందును. ఒక్కొక్క గీతను రాతిమీద కోయవలెను. పిమ్మట దానికి మెరుగు పెట్టవలెను.

ఈ స్థితిని మార్చినది ఒక చేతి యంత్రము. మన వంటయింటి జంతికల గిద్దెను తలచుకొనుడు. పిండిని గొట్టములో పెట్టి, పైనుండి దిమ్మెతో ఒత్తుదుము. గిద్దెకు అడుగున రంధ్రములు లేవనుకొనుడు. లోపలి గోడలకు పూవులు తీగెలు చెక్కబడి యున్నవనుకొనుడు. అపుడు పిండి దిమ్మెకును గోడకును నడుమనున్న చోటంతయు ఆక్రమించి, వెలుపలి వైపున ఆ పూవులను అచ్చుపడచేసికొనును. అచ్చుగాజు విధాన మంతే. ఇనుప అచ్చులో కరగిన గాజును జారవిడుతురు. ఒకడు కత్తెరతో దానిని తెగగోయును. మరియొకడు మీటను లాగి దిమ్మెను దించును. గాజు ఎక్కువైనచో అంచు మందమగును; తక్కువైనచో అంచువరకు చేరదు. ఎంత ముద్ద విడువవలెనో తూకము లేక కంటితోనే నిర్ణయింపవలెను. ఆ కంటి నేర్పునందే కార్ఖానా లాభనష్టములు నిలిచియుండెను.

అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున జాన్ బేక్‌వెల్ అనునాతడు 1825వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, బల్లల సొరుగులకు బిగించు గాజు పిడులను ఇట్లు ఒత్తు పద్ధతికి పేటెంటు పొందెను. అంతకు పూర్వమే ఇంగ్లాండులో చిన్న చిన్న పాదములను, పిడులను చేతితో ఒత్తుట కలదు గాని, పాత్రలనే ఒత్తి రాసులుగా పోయుట అమెరికావారి పని. ఆ యేడే మసాచుసెట్స్ రాష్ట్రమున సముద్రతీరమందలి సాండ్‌విచ్ అను ఊరిలో డెమింగ్ జార్వెస్ అను వర్తకుడు ఒక గాజు కార్ఖానా స్థాపించెను. 1825 జూలై 4వ తేదీన అచట మొదటి గాజు తయారైనది. మరుసటి యేడు అది బోస్టన్ అండ్ సాండ్‌విచ్ గాజు కంపెనీగా ఏర్పడెను. సముద్రపుటొడ్డు గనుక ఇసుకకొరకే ఆ చోటు ఎన్నుకొనెనని చాలమంది తలంతురు. అది నిజము కాదు. ఆ తీరపు ఇసుక మంచి గాజునకు పనికిరాదు. ఇసుకను న్యూజెర్సీ మొదలగు చోట్లనుండి తెప్పించుకొనెడివారు. జార్వెస్ కోరినది కొలుములకు వంటచెరకుగా అడవి, సరకు పంపుటకు నీటిదారి. మంచి కాలమున అక్కడ సుమారు 500 మంది పనిచేసిరి.

ఆ కాలపు అచ్చుగాజులో నాకు మిక్కిలి ప్రీతియైనవి కప్పు పళ్లెములు. మూడు, మూడున్నర అంగుళముల వెడల్పు గల బుల్లి పళ్లెములవి. వాని ప్రయోజనము చెప్పినచో మీకు నవ్వు వచ్చును. ఆనాటి అమెరికావారు వేడి టీని సాసరులో పోసికొని, ఊదుకొనుచు, సాసరుతోనే త్రాగెడివారు. అపుడు తడి కప్పును ఎచ్చట పెట్టుట? బల్లమీద మచ్చపడకుండ దాని కొరకు ఈ బుల్లి పళ్లెము. సాసరులో కాఫీ పోసికొని త్రాగుట మోటుతన మని మన పట్టణపు పిల్లలు పెద్దలను ఎగతాళి చేయుదురు. వారికి ఈ సంగతి చెప్పవచ్చును. మన పెద్దలకు లేనిది ఆ కప్పు పళ్లెమొక్కటే.

ఈ పళ్లెముల మీద ఆనాటి చరిత్రయే అచ్చుపడినది. గరుడపక్షి, పొగయోడ, 1843లో ఆవిష్కరింపబడిన బంకర్ హిల్ స్మారకస్తంభము, హెన్రీ క్లే అను రాజకీయ నాయకుని ముఖము కనబడును. 1840 ఎన్నికలలో అధ్యక్ష పదవికి నిలిచిన విలియం హెన్రీ హారిసన్ పక్షమువారు దుంగలతో కట్టిన గుడిసెను గుర్తుగా ప్రచారము చేసిరి. ఆ గుడిసెయు పళ్లెములకు ఎక్కెను. మన యెన్నికల గుర్తులు గోడలమీదికి ఎక్కినట్లే.

1828 ప్రాంతమునుండి ఇంచుమించు ఇరువది యేండ్లు తయారైన వానిని లేసుగాజు అందురు. పాత్ర వెలుపలి భాగమంతయు సన్నని చుక్కలతో నిండి, ఆ చుక్కల నేలమీద పూవులు, తీగెలు, ఆకులు లేచియుండును. మన నర్సాపురపు ఆడపడుచులు కుట్టు లేసును గాజులో పోతపోసిరా యన్నట్లుండును. ఇంత శ్రమ సౌందర్యము కొరకే అనుకొనరాదు. కరగిన గాజు చల్లని ఇనుమునకు తగిలినపుడు దాని పైపొర ముడుతలు పడి మసక బారును. ఆ లోపమును దాచుటకు చుక్కలు వేసిరి. వెలుతురు చుక్కలమీద పడి నలుదెసల చెదరిపోవుటచే ముడుతలు కంటికి ఆనవు. లోపము దాచబోయి అందము కల్పించుట కళాచరిత్రలో అరుదు కాదు గాని, ఇంత చక్కని ఉదాహరణము నాకు మరియొకటి తోచదు. పిమ్మట పాత్రను మరల నిప్పుసెగకు చూపి మెరుగెక్కించుట అలవాటగుటతో చుక్కల అవసరము తగ్గి, నునుపైన పలకల నమూనాలు ప్రబలినవి.

ఇంతవరకు చెప్పిన గాజు సీసము కలిపినది. బరువైనది. వ్రేలితో మీటినచో గంటవలె ఖంగుమని చాలసేపు మ్రోగును. 1864లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ పట్టణమున, హాబ్స్ బ్రాకునియర్ వారి కార్ఖానాలో, విలియం లేటన్ అనునాతడు సీసము లేకుండ సోడా, సున్నములతో తెల్లని గాజు చేయు పాళ్లను కుదిర్చెను. ఇది చవుక, తేలిక, త్వరగా గట్టిపడును గనుక వేగముగా ఒత్తవచ్చును. దానితో పల్లెటూరి యింటిలో సయితము చక్కెరగిన్నె, పాలచెంబు, వెన్నగిన్నె, చెంచాల పాత్ర ఒకే నమూనాలో జతగా కొనుటకు వీలుకలిగినది. న్యూ ఇంగ్లాండులోని పాత కార్ఖానాలు సీసమును విడువజాలక వెనుకబడినవి. సాండ్‌విచ్ కార్ఖానా కార్మిక వివాదము నడుమ 1888లో మూతపడెను.

ఇక నకళ్ల సంగతి. మూతపడిన నలువది యేండ్లకు ఆ గాజుమీద జనులకు మమకారము పుట్టెను. 1930 తరువాత పుస్తకములు వెలువడి, ధరలు పెరిగి, వెనువెంటనే నకళ్లు బయలుదేరినవి. రూత్ వెబ్ లీ అను విదుషి 1931లో పాత అచ్చుగాజును గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఏడేండ్లకే, 1938లో, నకళ్లను గూర్చి వేరుగా మరియొక గ్రంథము వ్రాయవలసి వచ్చెను. ఆ రెండు తేదీల నడిమి దూరమే వ్యాపారుల చురుకుదనమునకు సాక్ష్యము.

నకలు చేయు మార్గములు ముఖ్యముగా రెండు. పాత ఇనుప అచ్చు దొరికినచో దానిలోనే కొత్త గాజు ఒత్తుట ఒకటి. అచ్చు దొరకనిచో, పాత పాత్రను చూచియో, దానిమీదనే మూసతీసియో కొత్త అచ్చు చేయించుట రెండవది. ఈ రెండవదానిని పట్టుట సులభము. పాత్రమీదనుండి తీసిన అచ్చులో ఒత్తిన గాజు చల్లారునపుడు కొంత ముడుచుకొనును గనుక నకలు అసలుకంటె కొంచెము చిన్నది కావచ్చును. గ్రంథములలో ఇచ్చిన కొలతలతో సరిచూచిన తెలియును. మరియు రేఖల వాడి చచ్చిపోవును. ఫిలడెల్ఫియాలోని గిలిండర్ వారు 1870 తరువాతి దశకమున చేసిన ఒక ప్రసిద్ధ నమూనాలో అడవిదున్న, జింక, గుడిసె, మూతమీద మోకాళ్లపై కూర్చున్న అమెరికా ఆదివాసి ఉందురు. ఇట్టి బొమ్మలు గల పాత్రలలో జంతువు ఒంటిమీది వెంట్రుకలు, మనుష్యుని వ్రేళ్లు, కనురెప్పలు పరిశీలింపవలెను. అసలులో అవి వేరువేరుగా తెలియును. నకలులో అరగిన నాణెమువలె అలికినట్లుండును. మసకగాజు పనితనమందును భేదము కలదు. పాతది పట్టువలె మెత్తని బూడిదరంగు. కొత్తది తరచు సున్నము కొట్టినట్లు తెల్లగా, వ్రేలికి గరుకుగా ఉండును.

కుండలు కొనునపుడు మన స్త్రీలు వ్రేలి కణుపుతో కొట్టి చూతురు గదా. గాజునకును ఆ పరీక్ష కలదు. 1840 నాటి లేసుగాజని చెప్పిన పళ్లెము మీటినపుడు పలుకక మొద్దుగా టక్కుమన్నచో సందేహింపవలసినదే. ఆ కాలమున అట్టివి సీసపుగాజుతో చేసిరి. అయితే మ్రోగినంత మాత్రమున పాతదని తేల్చరాదు. సీసపుగాజు చేయుట ఇరువదవ శతాబ్దమునను మానలేదు. మూతి ఇరుకుగా నున్న పాత్రలు సీసము కలిసినను సరిగా మ్రోగవు. అచ్చు అతుకుల గీతలు లెక్కించి కాలము చెప్పువారు కూడ కలరు. ఆ లెక్కను నేను నమ్మను. రెండు ముక్కల అచ్చులు, మూడు ముక్కల అచ్చులు అన్ని కాలములందును వాడిరి.

దీపస్తంభముల విషయమున మాత్రము అతుకు మంచి సాక్షి. సాండ్‌విచ్ మొదలగు చోట్ల తొలినాట పాదమును వేరుగా, క్రొవ్వొత్తి నిలుపు గిన్నెను వేరుగా ఒత్తి, నడుమ కరగిన గాజు బిళ్లతో అంటించెడివారు. ఆ బిళ్ల కొంచెము వంకరగా, అంచులు పొంగి కనబడును. తరువాతి నకళ్లు పెక్కు ఒకే పోతగా ఉండును. కొన్నింటిలో బిళ్లను కూడ అచ్చులోనే చెక్కి నటింపజేసిరి. వంకర లేని బిళ్లను నమ్మరాదు. అట్లే ఒక్క గీటు లేక, అంచున ఒక్క పెచ్చు లేక, నిండుగా సమముగా నున్న లేసుగాజును చూచినపుడు సంతోషించుటకు ముందు అనుమానింపవలెను. ఆనాటి పోతలో అంచు ఒకచోట కొఱవడుట, ఒకచోట పొంగుట సామాన్యము.

అన్నింటికంటె నేను నమ్మునది అరుగుదల. సన్నికల్లు నడుమ పల్లమగును గాని అంచున కాదు. వస్తువు వాడుక యెచ్చటనో అరుగుదల అచ్చటనే. గాజు పళ్లెము వందయేండ్లు బల్లమీద జరుగుచు వచ్చినచో, బల్లను తాకు అడుగు చుట్టుమీద మాత్రము సన్నని గీతలు పడును. అవి ఒకదానిమీద నొకటి, అన్ని దిక్కులకు, కొన్ని లోతుగా, కొన్ని పైపైన ఉండును. దీనిని భూతద్దముతో చూడవలెను.

ఇందుకు ఒక నిదర్శనము చెప్పెదను. 1984లో కరణీకములు రద్దగువరకు కరణముగా నున్న పెద్దమనిషి యొకరు నాకు పరిచితులు. వారి సప్తతికి అమెరికానుండి వచ్చిన కుమారుడు లేసుగాజు పళ్లెము నొకదానిని కానుకగా తెచ్చెను. అక్కడి బేరగాడు అది 1835 ప్రాంతపు సాండ్‌విచ్ పళ్లెమని నోటితో చెప్పెనట. వెల ఆ పిల్లవాని నెలజీతములో మంచి భాగము. పెద్దాయన దానిని నా చేతిలో పెట్టి, “ఏమయ్యా, నాకు పొగడ్తలు వద్దు, నిజము చెప్పు” అనిరి. మీటి చూచితిని, పలుకలేదు. అడుగు త్రిప్పి చూచితిని, గీతలున్నవి. అయితే అవి అన్నియు ఒకే వాటమున, దువ్వెనతో దువ్వినట్లుండెను. పైగా చుట్టులోపల, బల్లకు ఎన్నడును తాకని పల్లమునందును అవే గీతలు. గరుకు కాగితముతో రుద్దినవాడు తొందరలో ఎచ్చట ఆపవలెనో మరచినాడు.

నేను చెప్పినది విని ఆయన కొంతసేపు ఊరకుండి, “వాడు రసీదు తెచ్చినాడా?” అని లోపలికి కేకవేసిరి. రసీదు వచ్చెను. దానిలో “సాండ్‌విచ్ నమూనా పళ్లెము ఒకటి” అనియే కలదు. సంవత్సరము లేదు, ఊరు లేదు. ఆయన ముఖమున నవ్వు తొణికెను. “వీడెవడో నాకంటె మంచి కరణము. నమూనా అనగా నకలే గదా! నకలును నకలని వ్రాసి, నోటితో అసలని అమ్మినాడు. వీనిని ఏ కోర్టు పట్టును?” అనిరి. కుమారునకు ఆ సంగతి తామే చెప్పిరి. నొచ్చుకొనునేమోయని నేను వెనుకాడితిని గాని, వాడు మరల అదే దుకాణమునకు పోకుండుట మంచిదని వారి యభిప్రాయము. వారిదే సరియని నాకును తోచినది.

ఆ “సాండ్‌విచ్” అను పేరులోనే పెద్ద చిక్కు కలదు. 1920 తరువాత ఇండియానా గాజు కంపెనీవారును, 1939 నుండి యాంకర్ హాకింగ్ వారును, మరికొందరును “సాండ్‌విచ్” అను పేరుతో తమ నమూనాలను బహిరంగముగానే అమ్మిరి. అవి ఎవరిని మోసగించుటకు చేసినవి కావు. ఇంటి వాడుక సామానులు. చేతులు మారిన కొలది పేరు మిగిలి సంవత్సరము జారిపోయినది. దానికి తోడు, లేసుగాజంతయు సాండ్‌విచ్‌దే యను భ్రమ చాలకాలము ఉండెను. ఆ కార్ఖానా పాడుదిబ్బను త్రవ్వి పెంకులు ఏరినవారు, దొరికిన ప్రతి నమూనాయు అక్కడిదే యనిరి. గాజు కరగించునపుడు కొంత పాత పెంకు కలుపుట ఆచారము. ఆ పెంకును ఇతర స్థలములనుండియు కొని తెచ్చెడివారు. కావున దిబ్బలో దొరికిన పెంకు అక్కడనే పుట్టినదని రూఢిగా చెప్పుట కష్టము. పిట్స్‌బర్గు మొదలగు చోట్లను మంచి లేసుగాజు తయారైనది.

ముద్రలున్నవి గదా యందురేమో. ముద్రలు చదువుట తెలియవలెను. ఇంగ్లాండులో 1842 నుండి 1883 వరకు నమూనాలను ప్రభుత్వమున రిజిస్టరు చేసి, పాత్రమీద వజ్రాకారపు గుర్తు వేసెడివారు. దాని శిరస్సున రోమను అంకెలలో మూడు ఉన్నచో అది గాజు తరగతి. సంవత్సరమును తెలుపు అక్షరము 1867 వరకు పై మూలను, 1868 నుండి కుడి మూలను ఉండును. 1884 నుండి వజ్రము పోయి వరుస సంఖ్య వచ్చెను. ఇది దస్తావేజు రిజిస్టరు తేదీ వంటిది. నమూనా పుట్టిన దినమును చెప్పును గాని, మన చేతిలోని పాత్ర పుట్టిన దినమును చెప్పదు. గేట్స్‌హెడ్‌లోని సవర్‌బీ వారు 1876లో నెమలితలను తమ ముద్రగా రిజిస్టరు చేసికొనిరి. అదే ఊరి డేవిడ్‌సన్ వారిది సింహపు గుర్తు.

పాత అచ్చు చేతులు మారినపుడు ముద్రయును మోసము చేయును. ఒహాయో రాష్ట్రపు నెవార్కులో 1896 నుండి 1957 వరకు నడచిన హైసీ కార్ఖానా ముద్ర వజ్రములో హెచ్ అను అక్షరము. అది మూతపడిన పిమ్మట 1958లో ఇంపీరియల్ గాజు కంపెనీవారు వారి అచ్చులను కొనిరి. ఆ అచ్చులలో ఒత్తిన కొన్నింటిమీద పాత వజ్రము అట్లే పడినది. ఇంపీరియల్ వారు 1951 నుండి ఐ, జి అను అక్షరములు పెనవేసిన తమ ముద్రను వాడుచుండిరి గనుక, అది యున్న చోట చిక్కులేదు. న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియము కొరకు చేసిన నకళ్లమీద ఎం.ఎం.ఏ. అను అక్షరములు కలవు. ఇవి నిజాయితీ గల నకళ్లు.

నిజాయితీ గల నకలు కూడ అట్లే నిలుచునన్న నమ్మకము లేదు. ఒహాయోలోని కొలంబస్ నగరపు ఫెడరల్ కంపెనీవారు, దేశము ఆర్థికముగా కుంగిన దినములలో, 1932 నుండి 1939 వరకు మాడ్రిడ్ అను చవుక నమూనాను చేసిరి. దేశస్వాతంత్ర్యమునకు 200 ఏండ్లు నిండిన 1976లో అదే నమూనాను వేరొక పేరుతో మరల ఒత్తి, పాత వానితో కలిసిపోకుండ ప్రతిదానిలో 76 అను అంకె చెక్కించిరి. కొన్నియేండ్లకు ఆ కంపెనీ మూతపడినది. అచ్చులు ఇండియానా కంపెనీ చేతికి పోయినవి. వారు 76ను తీసివేసి, తెలుపు, గులాబి, నీలము రంగులలో ఒత్తిరి. ముందు జాగ్రత్తపడినవాని జాగ్రత్త యంతయు ఒక ఆకురాయి గీతతో పోయినది. అచ్చు అమ్మినవాడు దానితో పాటు తన మాటను కూడ అమ్మినట్లే.

రంగులను గూర్చి రెండు మాటలు. గాజులో ఇసుకనుండి వచ్చు పచ్చదనమును పోగొట్టుటకు పూర్వము మాంగనీసు కలిపెడివారు. అట్టి గాజు ఏండ్లతరబడి ఎండలో నున్నచో లేత ఊదారంగు తిరుగును. అందుచే ఊదారంగు పాతదనమునకు గుర్తని పేరుపడెను. ఈ పేరు విన్నవారు తెల్లని పాత గాజును కిరణములకు పెట్టి, కొలది దినములలోనే ముదురు వంగపండు రంగు తెప్పించుచున్నారు. సూర్యుడు ఇచ్చునది లేత రంగు. అంత ముదురు రంగు కనబడినచో అది యంత్రపు పనియని గ్రహింపవలెను. మరియొకటి యురేనియము కలిపిన పసుపుపచ్చ గాజు. అతినీలలోహిత దీపము క్రింద అది పచ్చగా వెలుగును. ఆ వెలుగు యురేనియము ఉన్నదని మాత్రమే చెప్పును. యురేనియపు గాజు కొత్తగాను చేయుదురు గనుక వయస్సు దానివలన తేలదు.

ఒక హెచ్చరిక. పాతదో కొత్తదో తేల్చుకొనుటకై వేడినీరు పోసి చూడకుడు. మందపు పాతగాజు పెఠేలున పగులును. సీసపుగాజు గిన్నెలో ఊరగాయ, చింతపండు పులుసు, నిమ్మరసము నిలువ చేయకుడు. పులుపునకు సీసము కరగి ఆహారములో చేరును.

తుదకు మన దేశమునకు వత్తును. గాజుల ఊరని పేరొందిన ఫిరోజాబాదులో, ఇరువదవ శతాబ్దపు నడిమి దశాబ్దములలో, జైన్ గాజు కార్ఖానావారు నెమలికంఠము వలె రంగులు మారు అచ్చుగాజు లోటాలు, పూలపాత్రలు చేసిరి. ఆ రంగుపూత విద్యను 1907 ప్రాంతమున అమెరికాలో ఫెంటన్ వారు మొదలిడిరి. మనవారు దానిని పట్టుకొని తమ సొంత నమూనాలు తీర్చిరి. చేప చుట్టుకొన్న పూలపాత్ర, మనుష్యుని చేయి పైకెత్తి పట్టుకొన్నట్లున్న పూలపాత్ర వానిలో ప్రసిద్ధములు. కొన్నింటికి జైన్ అను పేరు ఇంగ్లీషు అక్షరములలో అచ్చులోనే కలదు. ఒకనాడు తిరునాళ్లలో కొని గూటిలో పెట్టుకొన్న యీ పాత్రలను నేడు విదేశములలోని సేకర్తలు వెదకి కొనుచున్నారు. మీ యింటి గోడ అలమారలో అట్టి లోటా ఒకటి యున్నచో, పాత సామానుల బేరగాని తట్టలో వేయుటకు ముందు దానిని బయట వెలుతురులో త్రిప్పి, గాజులో అక్షరము లేమైన ఉన్నవేమో చూడుడు.